మూడు మార్పులు

మా వైపు వేయించుకు తినే మిడతలు ఆ ఏడాది నవంబరు మొదటి వారంలోనే దిగాయి. వాన వెలిసిన పొద్దున మార్కెట్లో బస్తాలకు బస్తాలు వచ్చి పడేవి. ఆదివారమైతే అమ్మ ఒక చేటెడు కొనుక్కొచ్చి వంటింటి గుమ్మంలో కూలబడేది. నేను ఎదురుగా కూర్చునేదాన్ని. రెక్కలు తుంచడం, కాళ్లు తుంచడం, గిన్నెలో వెయ్యడం, అదే పని. చేతులకు పని తగిలితేనే అమ్మ నోరు విప్పేది. వారం పొడుగునా కాన్పుల వార్డులో దిగమింగినదంతా ఆ రెండు గంటల్లో నా ముందు కక్కేసేది.

మా అమ్మ పేరు బుకిర్వా. పెద్దాసుపత్రిలో ఇరవై రెండేళ్లుగా నర్సు. కంపాలాకి దూరంగా సరస్సు ఒడ్డునున్న ఊళ్లన్నిటికీ, దీవులకీ అదొక్కటే దిక్కు. ఆసుపత్రిని ఆనుకునే మా వైద్య కళాశాల. నేను అందులో ఆఖరి ఏడు.

"మంచం ఒకటి, మనుషులు ఇద్దరు," అంది ఆ ఆదివారం. "గోడవైపు నాకంటే నాకని కొట్లాట. ముందు కన్నవాళ్లకే గోడవైపు అన్నాను. ఇద్దరూ ఒకేసారి ముక్కడం మొదలెట్టారు తెలుసా."

కడుపు చెక్కలయ్యేలా నవ్వుకున్నాం. మా ఇంట్లో అన్నిటికీ నవ్వేవాళ్లం. నవ్వకపోతే మర్నాడు ఆ వార్డులోకి మళ్లీ అడుగు పెట్టడం ఎవరి తరం.

"ఫ్లాస్కులో ఎన్ని మిగిలాయి?" అని అడిగాను.

"నాలుగు. సోమవారం సరుకొస్తుందంటున్నాడు లుబేగా. వాడి సోమవారం ఎప్పుడొచ్చిందిలే."

ఫ్లాస్కు సంగతి మా ఇద్దరి మధ్యే ఉండేది. కాన్పయ్యాక రక్తం ఆగకపోతే ఇచ్చే సూదిమందు ఒకటుంది. అది చల్లగా ఉండాలి, వేడి తగిలితే ఉత్త నీళ్లతో సమానం. వార్డులో ఫ్రిజ్ ఈస్టరు నాటి నుంచీ చచ్చి పడి ఉంది. మందుల గోదాము లుబేగా చేతిలో ఉంది. అందులోకి వెళ్లిన మందు రెండో రోజుకల్లా రోడ్డవతల ప్రైవేటు క్లినిక్కుల్లో తేలుతుందని ఊళ్లో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. అందుకని అమ్మ సరుకొచ్చిన రోజే అయిదారు చిట్టి సీసాలు పక్కకు తీసేది. రోజూ పొద్దున్నే పడవల రేవుకు పోయి, చేపలమ్మే వాళ్లనడిగి ఫ్లాస్కులోకి మంచు నింపించుకునేది. ఫ్లాస్కు వార్డులో వదిలితే మాయమవుతుంది కాబట్టి ఆమెతోనే వెళ్లేది, ఆమెతోనే ఇంటికొచ్చేది. నెలాఖరున గోదాము ఖాళీ అయ్యాక వార్డంతటికీ ఆ ఫ్లాస్కే ఆధారం. తోటి నర్సులు వచ్చి చెవిలో అడిగి తీసుకెళ్లేవాళ్లు.

ప్రతి సీసా మీదా సర్కారు ముద్ర ఉంటుంది. ఆ ముద్ర ఉన్న సీసా ఆసుపత్రి గేటు బయట దొరికిందంటే దొంగతనమే, జైలే.

"ఈ ముక్క గుమ్మం దాటిందంటే నా ఉద్యోగం ఊడుతుంది," అంది అమ్మ ఒక మిడత కాళ్లు తుంచుతూ. "అప్పుడిక రోజూ ఇదే పని చేసుకుంటా, హాయిగా."

అది నేను గుమ్మం దాటించాను. ఆ సంగతే చెప్పబోతున్నాను.

* * *

ఏటా నవంబరు చివరి శనివారం మా విద్యార్థులం భోజనశాలలో నాటికలు వేసేవాళ్లం. 'వార్డు రౌండు' అని పేరు. ఆసుపత్రి దౌర్భాగ్యమంతా ఆ ఒక్క సాయంత్రం వేదికెక్కేది. నర్సులు, డాక్టర్లు, తోటలో రోగుల కోసం వంట చేసుకునే బంధువులు, అందరూ వచ్చేవాళ్లు. డైరెక్టరుగారి సోఫా ముందు వరసలో వేసేవాళ్లం. ఆ ఒక్క రోజుకి ఆయన ఏమన్నా ఊరుకునేవాడు.

మాకో కట్టుబాటుంది. మా పైక్లాసుల వాళ్ల నుంచి వచ్చింది. నిజంగా జరిగింది వేదిక మీదికి రావాలంటే అందులో మూడు సంగతులు మార్చాలి. మనిషిని మార్చాలి, వస్తువుని మార్చాలి, ఇంకోటేదైనా మార్చాలి. అలా చేస్తే ఎవరి కొంపా మునగదు.

నాటికలు రాసేది నేను. ఆడవేషాలు కట్టేది ముకీబి. వాడు నా క్లాసువాడు. వారంలో మూడు రోజులు మా ఇంట్లోనే పోషో అనే మొక్కజొన్న ముద్ద, చిక్కుళ్ల కూర తినేవాడు. అమ్మ వాడికి అడక్కుండానే రెండోసారి వడ్డించేది. నాకు వాడంటే ఇష్టం, వాడికీ తెలుసు.

మంచి హాస్యం తగిలితే నా నోట్లో నువ్వుగింజ నానదు. ఫ్లాస్కు కథ మొదట ఉన్నదున్నట్టు రాసి వాడికి చూపించాను. చదివి చదివి కళ్లొత్తుకున్నాడు.

"ఇది నిజం కదూ?"

"కాదు. కల్పించాను."

"నువ్వు కల్పిస్తే ఇంత బాగా రాదు నబ్బోసా."

మర్నాడు మూడూ మార్చాను. నర్సు పోయి ముసలి కాపలావాడయ్యాడు. ఫ్లాస్కు పోయి నీళ్ల డబ్బా అయింది. సూదిమందు పోయి కుట్లేసే దారమైంది. రిహార్సల్లో ఒక్కరూ నవ్వలేదు.

"దారాన్ని మంచులో ఎందుకు పెడతాడే ముసలాడు?" అన్నాడు ముకీబి. "దానికేమైనా ఉక్కపోస్తుందా?"

"నాటకం కదా, పెడతాడు."

"చప్పగా చచ్చింది. మొదటిదే వేద్దాం. అందులో ఆవిడ దేవత. చూసినవాడెవడైనా దణ్ణం పెడతాడు."

"ముకీబీ, కుదరదు. ఒట్టెయ్యి."

"ఆవిడ చేతి కూడు తింటున్నవాణ్ణి, నాకు ఒట్టెందుకు?" అన్నాడు. నేను నమ్మాను. ఒట్టు వెయ్యలేదని తట్టను కూడా తట్టలేదు.

* * *

ఆ శనివారం నాలుగింటికి మొదలుపెట్టాం. రేకుల మీద వాన. సెలైను స్తంభాలకు బల్బులు కట్టి, దుప్పట్లు తెరగా దించాం. డైరెక్టరు పక్కనే లుబేగా కూర్చున్నాడు, కొత్త సూటులో. అమ్మ మూడో వరసలో నర్సుల మధ్య ఉంది. నేను తెర పక్క నిలబడి అందరి ముఖాలూ చూస్తున్నాను.

ముందు గోదాము తాళం నాటిక. ఒకబ్బాయి మెడలో గొలుసేసుకుని తాళంలా నిలబడ్డాడు. ఇంకొకతను చీర లాంటి గుడ్డ చుట్టుకుని నడుం పట్టుకుని వచ్చాడు.

"ముసావో, నాకు రక్తం కారుతోంది," అన్నాడు. మా వైపు డాక్టర్నీ నర్సునీ కాంపౌండర్నీ అందర్నీ ముసావో అనే పిలుస్తారు.

"సోమవారం రండి," అంది తాళం.

"ఇవాళ శనివారమండీ."

"అయితే కాస్త నెమ్మదిగా కారమనండి."

హాలు దద్దరిల్లింది. అందరికంటే గట్టిగా లుబేగాయే నవ్వాడు. చేతిరుమాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు. అమ్మ కూడా పక్కనున్నావిడ భుజం చరిచి మరీ నవ్వుతోంది. అది చూసి నేను పొంగిపోయాను. ఇంత మందిని నవ్వించింది నేనే అనుకున్నాను.

తర్వాత ముకీబి వచ్చాడు. కాపలావాడి ఖాకీ వేసుకోలేదు. మా ఆడవాళ్లు కట్టే పొంగు భుజాల గోమెసి గౌను తొడిగి, నడుముకి పట్టీ బిగించి, నెత్తిన నర్సు టోపీ పెట్టాడు. చంకలో తువ్వాలు చుట్టిన పసుపుపచ్చ ఫ్లాస్కు. అమ్మ ఎడమకాలు కొంచెం ఈడుస్తుంది. వాడూ ఈడ్చాడు.

డాక్టరు వేషం కట్టినవాడు కప్పు చాచాడు. "టీ ఉందా సిస్టర్?"

"ఉంది డాక్టర్. తాగితే మాత్రం మీకు కాన్పవుతుంది."

మొదట నవ్వింది నర్సులు. గుర్తుపట్టిన నవ్వు అది, వేరుగా తెలుస్తుంది. ముకీబి మూత తీసి వాసన చూసి ముక్కు చిట్లించాడు. "రేవులో చేపలు నిద్ర లేవకముందే తెచ్చాను, తాజాది," అన్నాడు. నర్సులు ఒకరి తర్వాత ఒకరు మూడో వరస వైపు తిరిగారు. లుబేగా కూడా తిరిగాడు. వాడు ఇప్పుడు నవ్వడం లేదు.

అమ్మ ముఖం మీద ఇందాకటి నవ్వు ఇంకా అలాగే ఉంది. ఒళ్లో సంచి తీసుకుంది. జిప్పు మూసింది. వెనకవాళ్లకి అడ్డం రాకుండా వంగి, పక్కకి నడుచుకుంటూ, కాళ్లు తొక్కినవాళ్లకి క్షమాపణ చెప్పుకుంటూ బయటికి వెళ్లిపోయింది.

నేను వెనకనుంచి పరుగెత్తేసరికి వానలో బాడుగ మోటారుసైకిలెక్కి పోతోంది. లోపల ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

* * *

మంగళవారం పొద్దున కంపాలా నుంచి తనిఖీ వాళ్లు దిగారు. ఒక ఆఫీసరమ్మ, ఇద్దరు పోలీసులు. లుబేగా వాళ్లకి దారి చూపించాడు. నేనా నెల కాన్పుల వార్డులోనే పనిచేస్తున్నాను. అమ్మ అప్పుడే బయటినుంచి వచ్చి చెప్పులు మార్చుకుంటోంది.

"సంచి తియ్యండి సిస్టర్," అంది ఆఫీసరమ్మ.

అమ్మే ఫ్లాస్కు తీసింది, అమ్మే మూత తిప్పింది. మంచు మీద నాలుగు సీసాలు, ముద్రలతో సహా. ఒక పోలీసు వంగి చూసి, "నిజంగానే చేపల కంపు కొడుతోంది," అన్నాడు లుబేగాతో. అంటే కథ వాళ్ల దాకా ముందే వెళ్లింది.

ఈస్టరు నుంచి గోదాములో పోయిన పెట్టెలన్నీ ఆ నాలుగు సీసాల వెంట అమ్మ నెత్తిన పడ్డాయి. "నా గోదాము ఎందుకు ఖాళీ అవుతోందో నాకు ఇన్నాళ్లూ అంతుపట్టలేదండీ," అన్నాడు లుబేగా ఎంతో బాధగా. "ఊరంతా నాటకంలో చూసింది కదా." వాడి దొంగతనం మీద నాటిక రాశాం మేం. వాడికి దొంగ కావాలంటే మేమే వెతికి పెట్టాం.

చెవిలో అడిగి సీసాలు తీసుకెళ్లిన నర్సులు ఆరుగురు అక్కడే ఉన్నారు. ఒకామె దుప్పటి మడతపెట్టింది. ఇంకొకామె అదే దుప్పటి విప్పి మళ్లీ మడతపెట్టింది.

ఆ సాయంత్రం ముకీబిని రొట్టెల బండి దగ్గర పట్టుకున్నాను. ఒళ్లు మండిపోతోంది.

"ఎందుకు చేశావురా?"

"రిహార్సల్లో ఎవరూ నవ్వలేదు నబ్బోసా. నేను నాలుగేళ్లుగా ఆడవేషం కడుతున్నా, ఇదే ఆఖరుది. ఒక్కసారి... ఆవిడకి గౌరవమనుకున్నా. నిజంగా."

"మా అమ్మని జైల్లో పెడతారు."

"నేను చెప్తాను వాళ్లకి. అంతా కల్పన అని చెప్తాను. ఎక్కడైనా చెప్తాను."

విచారణ గురువారం జరిగింది. ముందు నన్ను పిలిచారు. అంతా కల్పన అన్నాను. కల్పించింది నేనే, మా అమ్మకి ఫ్లాస్కు ఎందుకుందో నాకు తెలియదన్నాను. తర్వాత ముకీబిని పిలిచారు. వాడు లోపల పది నిమిషాలు కూడా లేడు. ఫ్లాస్కు సంగతి నబ్బోసా ద్వారా తెలిసిందనీ, అది ఆమె తల్లిదేననీ, తాను నటించడం మినహా ఏ పాపం ఎరగననీ రాసి సంతకం పెట్టాడట. పెట్టకపోతే ఆఖరి పరీక్షకి కూర్చోనివ్వమన్నారట. బయటికొచ్చి నా పక్కనుంచే వెళ్లాడు. తలెత్తలేదు.

ఆఖరున అమ్మ. తలుపు సరిగ్గా పడదు కాబట్టి నాకు వినిపించింది.

"మీ అమ్మాయి అంతా కల్పన అంటోంది సిస్టర్."

"మా అమ్మాయి అబద్ధమాడుతోంది," అంది అమ్మ. "ఫ్లాస్కు నాది. గోదాము నాది కాదు."

వాళ్లు ఫ్లాస్కు నాది అన్నదొక్కటే రాసుకున్నారు. ఉద్యోగం నుంచి నిలిపేశారు, కోర్టులో కేసు వేశారు. జామీను మీద ఇంటికి పంపారు.

ఆ శుక్రవారం దీవి నుంచి ఒకామెని పడవలో తెచ్చారు. కాన్పయింది, రక్తం ఆగలేదు. నేను గోదాము కిటికీ దాకా పరుగెత్తాను. తాళం. గుమాస్తా తల దువ్వుకుంటూ సోమవారం రమ్మన్నాడు. ఇది నేనే రాశానని నాకు గుర్తుంది. ఆమె మంచం మీద ఇద్దరుండేవాళ్లు, శనివారానికి ఒకరే మిగిలారు.

* * *

ఇంట్లో అమ్మ నన్ను ఒక్కటే అడిగింది, ఒక్కసారే.

"మీకు కట్టుబాటుంది కదా. మూడు మార్చాలని."

"మూడూ మార్చానమ్మా. కావాలంటే కాగితం చూపిస్తాను. వాడే అన్నీ వెనక్కి తిప్పేశాడు. మోసం చేశాడు."

"అన్నం పెట్టాను వాడికి," అంది అమ్మ.

ఆమె నన్ను నమ్మింది. ఆ తర్వాత మా ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ముకీబి ఒక్కడే మిగిలాడు. పొద్దున లేస్తే వాణ్ణి తిట్టుకునేవాళ్లం. వాడి ఆకలి గురించి, వాడి వినయం గురించి, రెండోసారి వడ్డించుకున్న కూర గురించి. నర్సుల్ని తిట్టడానికి అమ్మకి నోరు రాలేదు, నన్ను తిట్టడానికి కారణం లేదు. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ, వాడు చేసిన ద్రోహం నాకు ఆ రోజుల్లో దుప్పటిలా ఉండేది. కప్పుకుని పడుకునేదాన్ని.

డిసెంబరు మధ్యలో మిడతలు పల్చబడ్డాయి. ఒక ఆదివారం పొద్దున ముకీబి వచ్చాడు. మనిషి సగమయ్యాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు. మా వైపు మోకాళ్ల మీద కూర్చుని పలకరించేది ఆడవాళ్లే, మగవాళ్లు కూర్చోరు. వాడు కూర్చున్నాడు.

"సిస్టర్, నన్ను కొట్టండి."

"వీడెందుకొచ్చాడు, పొమ్మను," అన్నాను నేను.

అమ్మ కుర్చీలోంచి వాణ్ణి చూసింది. "లోపలికి రా. ఆ రోజు నేను సగంలో లేచొచ్చేశాను," అంది. "మిగతాది చూడలేదు. ఏ నాటకం వల్ల నా బతుకు ఇలా అయిందో పూర్తిగా తెలియకపోతే ఎలా. చెయ్యి."

"సిస్టర్, వద్దు."

"అమ్మా, ఇప్పుడెందుకమ్మా అదంతా," అన్నాను.

"నువ్వు కూర్చో. నేను వాణ్ణడిగాను."

ముకీబి గది మధ్యలో నిలబడ్డాడు. వేషం లేదు, చేతిలో ఏమీ లేదు. ఎడమకాలు ఈడ్చకుండానే నాలుగడుగులు వేశాడు. టీ అడిగిన మాట అప్పజెప్పాడు, కాన్పవుతుందన్న మాట అప్పజెప్పాడు. బల్ల దగ్గర కూర్చున్న పిల్లాడు పాఠం చదివినట్టు చదివాడు. అమ్మ బుద్ధిగా విన్నది.

"తర్వాత?"

"తర్వాత ఆమె ఆఖరి సీసా తీస్తుంది సిస్టర్."

"తీసి?"

వాడు నా వైపు చూశాడు. నేను నేల చూశాను. అరచేతిలో లేని సీసాని పట్టుకుని, నోటి దగ్గరికి తెచ్చుకుని చాలా నెమ్మదిగా అన్నాడు.

"తల్లీ, నువ్వు ఎండకి పాడైపోయి ఉంటే నాకిప్పుడే చెప్పెయ్యి. ఊరికే సూది పొడవను. ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చుంటాను. బాగానే ఉన్నావంటే మాత్రం, నీకు దణ్ణం పెడతాను, ఆవిడకి పాలు తాగే పిల్లాడున్నాడు."

అమ్మ చేతులు ఒళ్లో ఉన్నాయి.

"ఈ మాటలు ఎవరు రాశారు?" అంది.

"నేనే సిస్టర్," అన్నాడు ముకీబి వెంటనే. "అప్పటికప్పుడు నోటికొచ్చింది అన్నాను. నబ్బోసా కాగితంలో లేవివి."

ఆ మొత్తం కాలంలో వాడు నా పక్షాన ఆడిన అబద్ధం అదొక్కటే. నేను దాని వెనక ఇట్టే దాక్కుని ఉండొచ్చు.

"నువ్వు కాదు బాబూ," అంది అమ్మ. "కిందటి ఏడు ఒక పిల్ల నా చేతుల్లో పోయింది. ఆ సీసా పాడైపోయిందే. నేనలా అడిగానని ఒక్కళ్లకే చెప్పాను. ఈ గదిలోనే. ఏడుస్తూ చెప్పాను."

ఆమె నా వైపు తిరగలేదు. తిరిగి ఉంటే బాగుండేది.

"మూడూ మార్చానమ్మా," అన్నాను. "నర్సుని మార్చాను, ఫ్లాస్కు మార్చాను, మందు మార్చాను. అది మాత్రం మార్చలేదు. కాపలావాడి నోట్లో పెట్టాను. చాలా... చాలా బాగుందని."

అమ్మ తల ఊపింది. బాగుందని తనూ ఒప్పుకున్నట్టే ఊపింది.

"అక్కడ నవ్వారా?" అని అడిగింది.

లేదని చెప్పమని ముకీబి కళ్లు నన్ను బతిమాలుతున్నాయి. ఆ రోజు వానలో నిలబడి నేను విన్న నవ్వు అదే. దానికోసమే కదా రాసింది.

"నవ్వారమ్మా," అన్నాను. "అన్నిటికంటే దానికే ఎక్కువ నవ్వారు."